స్టార్టర్ డబ్బాల దాగిన కంప్యూటర్

(నల్గొండలో పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

మీలో ఎంతమంది ఇంట్ల బోరున్నది? చేతులెత్తండి. సగానికి పైనే. మరి కంప్యూటర్? చూసిన్రా, చేతులన్నీ దిగినయి. బోరు కాడ సిమ్ వేసే మొబైల్ స్టార్టర్ ఉంటే మీకూ కంప్యూటర్ ఉన్నట్టే లెక్క.

ఆ డబ్బా మూత తీస్తే గోరంత నల్ల చిప్పు కనిపిస్తది. అదే మైక్రోకంట్రోలర్. ప్రాసెసర్, మెమరీ అన్నీ అందులోనే. మూడు ఫేజులు వస్తున్నయా, మోటరు ఎన్ని ఆంపియర్లు గుంజుతున్నది అని చూసుకుంటుంటది. బోరుల నీళ్లయిపోతే మోటరు మీద బరువు తగ్గుతది, ఆంపియర్లు పడిపోతయి. అది పసిగట్టి మోటరును ఆపేస్తది. నీళ్లను చూడకుండనే నీళ్లు లేవని చెప్పినట్టు! ఇట్ల ఒక వస్తువుల ఒదిగి, ఒక్క పని మీదనే ఉండేది ఎంబెడెడ్ కంప్యూటర్. మిర్యాలగూడ మిల్లులల్ల నల్లబడ్డ బియ్యపు గింజల్ని కెమెరాతో పట్టి గాలితో ఊదిపారేసే సార్టింగ్ మిషన్‌ల ఉండేదీ ఈ జాతే, కాకపోతే బాగా బలిసింది.

మీ ల్యాబుల ఆర్డుయినో ఊనో అనే చిన్న బోర్డు ఉంటది కదా, దాని మీద ఉండేదీ మైక్రోకంట్రోలరే. దాని చిప్పుల ప్రోగ్రాముకు 32 కిలోబైట్లు, ర్యామ్ 2 కిలోబైట్లు. మీ ఫోన్ల ఒక్క ఫొటో కూడా పట్టదు. 'రాస్ప్‌బెర్రీ పై' అనే ఇంకో బోర్డు సంగతి వేరు. 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్లకు అమ్మకానికొచ్చింది, అప్పుడే 256 ఎంబీ ర్యామ్. ఏటీఎం కార్డంత బోర్డు మీద విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ లినక్సే నడుస్తది. టీవీకి, కీబోర్డుకు తగిలిస్తే నిండు కంప్యూటర్. అందుకే సింగిల్ బోర్డ్ కంప్యూటర్ అన్నరు.

అది కొత్తగ చేతికొచ్చినప్పుడు నేను ఆగలేదు. తీస్కపోయి మా చిన్నాయన బోరుకు పెట్టిన. మూడో దినం కరెంటు పోయొచ్చింది, బోర్డు మాత్రం లేవలేదు. మెమరీ కార్డు మీద ఏదో రాస్తున్నప్పుడే కరెంటు పోతే ఫైళ్లు చెడిపోతయి. "మడి ఎండుతున్నదిరా, నీ కంప్యూటర్ ఎప్పుడు నిద్ర లేస్తది?" అన్నడు చిన్నాయన. చిన్న చిప్పుకు ఆ బాధ లేదు. ప్రోగ్రాము లోపల, కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ మెమరీలనే ఉంటది, కరెంటు రాంగనే మొదటి లైను నుంచి మళ్ల మొదలు.

ఇప్పుడు బోరు కాడ ఆ చిన్నదే మోటరు నడుపుతది. రాస్ప్‌బెర్రీ పై ఇంట్ల కూసొని మోటరు ఎంతసేపు నడిచిందో లెక్క రాస్తది. పొలంల కెమెరా పెట్టి ఆకు మీద పురుగును గుర్తుపట్టాలె అంటే మాత్రం దాన్నే పిలవాలె, ఊనో వల్ల కాదు.

ఇంకో మాట. ఊనో పిన్నుల 5 వోల్టులొస్తయి, రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 దాటితే ఓర్వవు. ఆ రెండింటికీ నేరుగ వైరు కలిపి ఒక బోర్డు కాల్చిన మనిషి మీ ముందే ఉన్నడు.

ఈ బల్ల మీద రెండూ పెట్టిన. ఒకేసారి స్విచ్చేస్త. ఏది ముందు లేస్తదో మీరే అంకెలు లెక్కపెట్టండి.