ఊరి పేరు గడి

వేదిక మీదున్న గురువులకు, కన్యాస్త్రీలకు, సంఘ పెద్దలకు, ఎండలో నడిచి వచ్చిన అమ్మలందరికీ నమస్కారం. గుడి చరిత్ర చెప్పమని పిలిచారు. 1976లో ఏలూరు మేత్రాసనం, అంటే ఒక బిషప్పు కింద ఉండే కథోలిక ప్రాంతం, ఏర్పడిన సంగతి ఇక్కడ అందరికీ తెలుసు కనుక, నేరుగా విచారణలు, అంటే ఒక గురువు చూసుకునే గుళ్లూ ఊళ్లూ, కలపడం గురించి మాట్లాడతాను.

చాలా దేశాల్లో ఇది జరిగింది. ఫ్రాన్సు పల్లెల్లో గురువులు కరువై వేల విచారణలను పక్కవాటితో కలిపేశారు. అమెరికాలో 2004లో బోస్టన్ అగ్రపీఠం, అంటే అక్కడి పెద్ద మేత్రాసనం, ఎన్నో గుళ్లు మూసింది. ఆ దగ్గరే సముద్రపు ఒడ్డు ఊరి విశ్వాసులు వంతులవారీగా గుడిలోనే పడుకుని, 2016 దాకా కాపలా కాశారు. పదకొండేళ్లు! చివరికి ఓడిపోయారు. వారిని తలచుకుంటే నాకు కళ్లు చెమరుస్తాయి.

మా కథ చిన్నది. మాది లంక ఊరు. ఆదివారం పూజకు పంటు ఎక్కి అవతలి ఒడ్డుకు వెళ్లేవాళ్లం. ముందు ఒక విచారణలో ఉన్నాం, తర్వాత ఇంకో విచారణలో కలిపారు. చెల్లెలి పెళ్లికి జ్ఞానస్నాన పత్రం కావలసి నాన్న మూడు చోట్లకు తిరిగారు. 1986 వరదలో తడిసిన రిజిస్టరును ఎవరో కొత్త పుస్తకంలోకి ఎక్కించారు. చెల్లెలి పేరు, జ్ఞానతల్లి పేరు, తేదీ, అన్నీ ఉన్నాయి. ఊరి పేరు రాయవలసిన గడిలో మాత్రం ఆ పేజీ పొడుగునా ఒకే పేరు, అదీ కొత్త విచారణ కేంద్రం పేరు. నాన్న ఆ గడి మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డారట. మా నాన్న ఆ లంకలో ఉపదేశి. ఆ బిడ్డలందరికీ ప్రార్థనలు నేర్పింది ఆయనే.

పెద్దలారా, ఒక్క మాట గమనించండి. 1983 నాటి కథోలిక శ్రీసభ ధర్మశాస్త్రం 526వ సూత్రం ప్రకారం గురువులు తక్కువైతే పక్కపక్క విచారణలను ఒక్కరికే అప్పగించవచ్చు. అప్పగించడం వేరు, రద్దు చేయడం వేరు! రద్దు చేయాలంటే 515వ సూత్రం ప్రకారం పీఠాధిపతి, అంటే బిషప్పు, గురువుల సమితి అభిప్రాయం వినాలి. పాత పుస్తకాలను జాగ్రత్తగా కాపాడాలని 535వ సూత్రం చెబుతుంది. గురువు ఒక్కరే వచ్చినా మేము సర్దుకుంటాం. పంటు దాటమన్నా దాటుతాం. కానీ మా ఊళ్ల పేర్లు చెరిపేయకండి.

అమ్మా, అక్కలూ, మీలో ఎవరి ఇల్లు ఏ లంక నుంచి వచ్చిందో, ఏ గుడిలో జ్ఞానస్నానం జరిగిందో మీకు గుర్తుంది. మీ తర్వాత చెప్పేవారు ఉండరు. భోజనాలయ్యాక నేను వరండాలోనే కూర్చుంటాను. రెండు వందల పేజీల నోటుపుస్తకం తెచ్చాను. మొదటి పేజీలో మా చెల్లెలి పేరు, పక్కన మా ఊరి పేరు రాసి ఉంచాను. రెండో పేజీ నుంచి మీరు చెప్పండి, నేను రాస్తాను.