నగరవనానికి స్కూల్ ట్రిప్: గేటు దగ్గర కాదు, వెనక పొదల్లో ఆగండి

అందరికీ నమస్కారం. నేను నెల్లూరులో సైన్స్ టీచర్‌ని. మా ఏడో తరగతి పిల్లల్ని ఈమధ్య ఊరికి దగ్గర్లోని ఒక నగరవనానికి ఫీల్డ్ ట్రిప్ తీసుకెళ్లాం. ఈ వీడియోలో దాని రివ్యూ చెప్తాను. పిల్లల ముఖాలు మాత్రం ఎక్కడా కనిపించవు. తల్లిదండ్రులను అడక్కుండా చూపించడం నాకిష్టం లేదు. ఏ నగరవనమో కూడా పేరు పెట్టి చెప్పను. అక్కడి లోపాలు కొన్ని మాట్లాడాలి, అవి చాలా పార్కుల్లో ఉన్నవే. అక్కడ తక్కువ జీతాలకు పనిచేసేవాళ్లకి నా వీడియో వల్ల ఇబ్బంది రాకూడదు.

ముందే చెప్పేస్తున్నా, వెళ్లదగ్గ చోటే. దగ్గరే కాబట్టి బస్సు ఖర్చు పెద్దగా ఉండదు. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం అన్నాల వేళకి బడికి వచ్చేయొచ్చు. అయితే అక్కడ అసలు చూడాల్సింది గేటు పక్కన ఉండదు. వెనకాల, ఎవరూ పెద్దగా పోని ముళ్లపొదల్లో ఉంటుంది. నేను ఎక్కువగా మాట్లాడబోయేది దాని గురించే.

నగరవనం గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఊళ్ల పక్కనున్న అటవీ భూముల్లో జనం తిరగడానికి వీలుగా చెట్లు పెంచే పథకం ఇది. కేంద్ర పర్యావరణ శాఖ 2020 జూన్ 5న, పర్యావరణ దినోత్సవం రోజున ప్రకటించింది. పుణెలోని వార్జేలో అటవీ శాఖ, ఊరి జనం కలిసి పెంచిన అడవిని దీనికి నమూనాగా చూపించారు. డబ్బు కంపా నిధుల నుంచి వస్తుంది. అంటే ఎక్కడైనా అటవీ భూమిని గనికో, రోడ్డుకో, ప్రాజెక్టుకో ఇచ్చినప్పుడు దానికి బదులుగా వసూలు చేసిన సొమ్ము. ఇదంతా పిల్లలకి బస్సులోనే చెప్పాను. ఒకమ్మాయి లేచి, "అయితే ఎక్కడో అడవి పోతేనే మనకిది వచ్చిందా మేడమ్?" అనింది. బస్సంతా ఒక్కసారి సద్దుమణిగింది. అవును తల్లీ, అందుకే ఉన్నదాన్ని బాగా చూసుకోవాలి అన్నాను.

సరే, గేటు దగ్గర నుంచి మొదలుపెడదాం. లోపలికి వెళ్లగానే ఉయ్యాలలు, జారుడుబల్లలు, సిమెంటు జంతువుల బొమ్మలు, ఫొటోలు దిగడానికి ఒక చోటు. చిన్నపిల్లలకి బాగుంటాయి. ఏడో తరగతి వాళ్లు కూడా వాటి మీద పడ్డారు, కాసేపు ఆడుకోనిచ్చాం. నడవడానికి బాట చక్కగా వేశారు, నీడ ఉంది, కూర్చోడానికి బల్లలున్నాయి. తాగే నీళ్లున్నాయి గానీ, పిల్లల సీసాలు ఇంటి దగ్గరే నింపించి తీసుకెళ్లండి. బాత్రూములు శుభ్రంగానే ఉన్నాయి, కాకపోతే ఆడపిల్లల వైపు ఒక తలుపుకి గడియ లేదు. మా పిల్లలు ఇద్దరిద్దరు వంతులు వేసుకుని కాపలా కాశారు. స్కూల్ పిల్లలు వచ్చే చోట ఆడపిల్లల బాత్రూముకి గడియ లేకపోవడం చిన్న విషయం కాదు. ఎక్కడికి ట్రిప్ పెట్టుకున్నా ముందురోజు ఒక టీచర్ వెళ్లి ఇది చూసి రావాలి.

చెట్లకి బోర్డులున్నాయి. చాలావాటి మీద ఇంగ్లిష్ పేరు పెద్దగా, తెలుగు పేరు కిందెక్కడో చిన్నగా ఉంది, కొన్నింటి మీద లేనే లేదు. కానుగ చెట్టు కింద నిలబడి, ఆ బోర్డు చదివి, అది కానుగ అని తెలియకుండానే పిల్లాడు ముందుకు వెళ్లిపోతాడు. వాళ్ల నాయనమ్మకి ఆ చెట్టు గురించి, ఆ గింజల నూనె గురించి చెప్పడానికి ఎంతో ఉంటుంది. తెలుగు పేరు తెలిస్తేనే కదా ఇంటికెళ్లి ఆమెని అడగగలిగేది.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. బాట అయిపోయిన చోట, కంచె వైపు, నాటని మొక్కలున్నాయి. వాటంతట అవే మొలిచినవి. కలివి పొదలు, రేగు, బలుసు, తంగేడు, అక్కడక్కడా ఈత. చూసేవాళ్లకి బాగు చెయ్యని జాగాలా అనిపిస్తుంది. నిజానికి మన తీరంలో సహజంగా పెరిగే అడవిలో ఉండే మొక్కలు ఇవి. కోరమాండల్ తీరం వెంబడి, సముద్రం నుంచి కొంత లోపలి దాకా, ఎండకాలంలో కూడా ఆకు పూర్తిగా రాల్చని పొట్టి అడవి ఒకటి ఉండేది. పాల చెట్టు, అల్లి, నేరేడు, బలుసు, కలివి దానిలోవే. ఇప్పుడది ముక్కలు ముక్కలుగా మిగిలింది. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం కంచె లోపల ఉంది కాబట్టి అక్కడ బాగా నిలిచింది. మిగతాచోట్ల పొలాలు, రొయ్యల చెరువులు, ప్లాట్లు వచ్చాయి. అందుకే ఒక నగరవనం వెనక ఎకరమో అరెకరమో ఇలాంటి పొద మిగిలిందంటే నాకు అది గేటు దగ్గరి పూలమొక్కలన్నిటికంటే విలువైనది.

బలుసు దగ్గర ఆగాం. బతికుంటే బలుసాకు తినొచ్చు అనే మాట పిల్లలందరికీ తెలుసు. ఆ చెట్టు ఎలా ఉంటుందో ఒక్కరికీ తెలియదు. కొమ్మని దగ్గరికి లాగి చూపించాను. ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. ప్రతి జంట పైనా రెండు ముళ్లు, అవి కూడా ఎదురెదురుగానే. ఆకు చిన్నది, పండితే కాయ పసుపురంగుకి వస్తుంది. కరువు రోజుల్లో జనం ఈ ఆకు కూర వండుకుని బతికారు, అందుకే ఆ మాట పుట్టింది అని చెప్పాను. ఒక పిల్లాడు ముల్లుని వేలితో తాకి, "ఇంత ముల్లుంటే ఆకు ఎట్ట కోస్తారు మేడమ్?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రమ్మన్నాను. మర్నాడు వాడు తెచ్చిన జవాబు నేను చెప్పగలిగినదానికంటే బాగుంది. లేత చిగుళ్లప్పుడు కోస్తారు, అప్పటికి ముల్లు గట్టిపడదు అని వాళ్ల అవ్వ చెప్పిందట.

ఇంకో పదడుగులు వేస్తే మామిడి చెట్టు. దాని మీద ఆకుల్ని ఒకదానికొకటి అతికించి కట్టిన గూళ్లు, బంతి అంత ఒక్కొక్కటి. ఎర్ర చీమలవి. మీరు స్క్రీన్ మీద చూస్తున్నది అదే. కొంచెం ఓపిగ్గా చూడండి. చీమలు వరుసగా నిలబడి పక్క ఆకు అంచుని నోటితో పట్టుకుని లాగుతున్నాయి. అందకపోతే ఒకదాని నడుముని ఒకటి పట్టుకుని గొలుసు కడతాయి. అంచులు దగ్గరికి రాగానే ఇంకో చీమ తమ పిల్ల పురుగుని నోట కరుచుకుని వస్తుంది. ఆ పిల్ల పురుగు నోటి నుంచి పట్టుదారం వస్తుంది. దాన్ని ఈ అంచుకీ ఆ అంచుకీ తాకిస్తూ పోతే ఆకులు కుట్టినట్టు అతుక్కుంటాయి. పెద్ద చీమలకి పట్టు రాదు, పిల్లలకే వస్తుంది. ఇది పుస్తకంలో చదివితే రెండు లైన్లు. అక్కడ నిలబడి చూసినప్పుడు మా క్లాసులో ఎప్పుడూ కుదురుగా కూర్చోని పిల్లలు కూడా కదల్లేదు. దూరం నుంచే చూడాలి, గూడు తాకితే మీదికొచ్చి గట్టిగా కుడతాయి. మాతో వచ్చిన ఒక పిల్లాడి అమ్మ చెప్పింది, వాళ్ల తోటలో ఈ చీమలున్న నిమ్మచెట్లకి పురుగు తక్కువంట, కోసేటప్పుడు మాత్రం తిప్పలే అని. మన నెల్లూరు నిమ్మ రైతుల ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకి ఇంతకంటే మంచి సైన్స్ పాఠం ఏముంటుంది?

జిల్లేడు కూడా ఉంది. జిల్లేడాకు అడుగున చూడండి. నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగు కనిపిస్తుంది. ఒంటి మీద మూడు జతల నల్లటి కొమ్ముల్లాంటివి ఉంటాయి. ఇది నారింజరంగు రెక్కల సీతాకోకచిలుకగా మారుతుంది. జిల్లేడు పాలల్లోని విషాన్ని ఈ పురుగు ఒంట్లో దాచుకుంటుంది, అందుకే పిట్టలు దీన్ని తినవు. ఆ విషం లేని ఇంకో జాతిలో ఆడ సీతాకోకచిలుక అచ్చం దీనిలాగే రంగులేసుకుని తిరుగుతుంది, పిట్టలు మోసపోయి దాన్నీ వదిలేస్తాయి. పిల్లలకి మాత్రం గట్టిగా చెప్పండి, జిల్లేడు పాలు తగిలిన చేత్తో కళ్లు తుడుచుకోకూడదు.

పిట్టల విషయానికొస్తే, ఎనిమిదింటి లోపు వెళ్తేనే లాభం. మాకు పికిలి పిట్టలు, తేనెపిట్ట, జెముడుకాకి, గోరింకలు, ఒక వడ్రంగి పిట్ట కనిపించాయి. వంగపండు పిట్ట గొంతు మాత్రమే వినిపించింది. బైనాక్యులర్స్ లేకపోయినా ఫరవాలేదు. మెర్లిన్ అనే యాప్ ఉచితం, పిట్ట కూత వినిపిస్తే పేరు చెప్తుంది. అది చెప్పిన పేరుని కళ్లతో చూసి సరిచూసుకోవడం పిల్లలకి నేర్పండి, యాప్ కూడా ఒక్కోసారి పొరపాటు పడుతుంది. చెట్ల మీద ఆసక్తి ఉన్న బడులకి సీజన్‌వాచ్ అని ఒక కార్యక్రమం ఉంది. బడి దగ్గర ఒక చెట్టుని ఎంచుకుని, ఎప్పుడు చిగురు వేసింది, ఎప్పుడు పూసింది, ఎప్పుడు కాసింది అని వారం వారం రాసి పంపితే చాలు. మేము కానుగనే ఎంచుకున్నాం, మా బడి గేటు ముందు కూడా ఒకటుంది.

ఎప్పుడు వెళ్లాలి? మనకి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. కాబట్టి తుఫాన్లు సద్దుమణిగాక, డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. పొదలు పచ్చగా ఉంటాయి, గుంటల్లో నీళ్లుంటాయి, ఎండ దెబ్బ ఉండదు. మార్చి తర్వాత పిల్లల్ని తీసుకెళ్లకండి. నెల్లూరు ఎండ గురించి నెల్లూరు వాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. జాతీయ విద్యా విధానం 2020లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకి పుస్తకాల సంచి లేని పది రోజులు ఉండాలని రాశారు. హెడ్మాస్టర్ గారు ఒప్పుకోవడం లేదంటే ఆ మాట చూపించండి.

కొంతమంది తల్లిదండ్రులు పాముల గురించి టెన్షన్ పడతారు. పడటం న్యాయమే. పొదల్లోకి పిల్లల్ని దింపొద్దు, బాట అంచున నిలబడే చూడాలి. అందరికీ బూట్లు ఉండాలి, చెప్పులు పనికిరావు. రాళ్ల కింద, ఆకుల కుప్పల్లో చేతులు పెట్టకూడదు. ఒకవేళ పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మందు అక్కడ ఉంటుంది. మేము బస్సు ఎక్కేముందే దగ్గరి ఆసుపత్రికి దారి చూసి పెట్టుకున్నాం.

నగరవనం కన్నా మన నెల్లూరు ఊళ్లోని స్వర్ణాల చెరువు మేలు కదా అని కొందరు అడిగారు. నీటి పిట్టలు చూడాలంటే చెరువే మేలు, కొంగలు, నీటికాకులు దగ్గరగా కనిపిస్తాయి. కానీ గట్టు మీద ట్రాఫిక్, నీళ్ల భయం, పిల్లల్ని పట్టుకోవడమే పనైపోతుంది. ఆ గట్టు మీద జరిగే రొట్టెల పండగ రోజుల్లో అయితే అసలు వీలుపడదు. నేలపట్టు వేరే స్థాయి. 1976 నుంచి పక్షుల అభయారణ్యం, నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. ఇప్పుడది తిరుపతి జిల్లాలోకి వెళ్లింది, రానూపోనూ రోజంతా పడుతుంది. ఏడాదికోసారి అక్కడికి వెళ్లండి. నగరవనానికి మాత్రం ప్రతి టర్మ్‌లోనూ వెళ్లొచ్చు.

ఒక్క సలహా ఇస్తాను టీచర్లకి. మొత్తం పార్కు చుట్టేయాలని చూడకండి. ఒక పొద, ఒక చెట్టు, చాలు. గుంపుకి ఒకటి అప్పజెప్పి ముప్పావు గంట అక్కడే కూర్చోబెట్టండి. మొదటి పది నిమిషాలు "ఏముందిక్కడ, ఏం లేదు" అంటారు. ఆ తర్వాత మీరు ఆపలేరు. నోట్స్‌లో పేర్లు రాయించడం కంటే బొమ్మ వేయించండి. ఆకు అంచు ఎలా ఉందో బొమ్మ వేసిన పిల్లాడు మర్చిపోడు. మైకులు, పాటలు పెట్టే బాక్సులు ఇంటి దగ్గరే వదిలేయండి. బిస్కెట్ ప్యాకెట్ల బదులు ఇంటి నుంచి డబ్బాలో పులిహోర తెచ్చుకుంటే చెత్తా ఉండదు, ఆకలీ తీరుతుంది.

తిరిగొచ్చాక మా పిల్లలు అటవీ శాఖ రేంజ్ ఆఫీసర్ గారికి ఉత్తరం రాశారు. మొక్కల గురించి రెండు కోరారు. వెనక పొదల్ని చదును చేసి గడ్డి వేయొద్దని, బోర్డుల మీద తెలుగు పేరు పెద్దగా రాయమని. గడియ గురించి ఆడపిల్లలు విడిగా ఇంకో కాగితం పెట్టారు. ఇంకా జవాబు రాలేదు, వచ్చినప్పుడు చెప్తాను.

కావలి, కందుకూరు, ఒంగోలు, కనిగిరి వైపు నుంచి చూసేవాళ్లు ఒక పని చేయండి. మీ ఊరి దగ్గర ఇలాంటి ముళ్లపొద ఎక్కడ మిగిలి ఉందో, అందులో ఏమేం కాస్తాయో మీ ఊరి పేర్లతోనే కామెంట్లో రాయండి. సంక్రాంతి సెలవుల తర్వాత మా ఎనిమిదో తరగతిని ఎక్కడికి తీసుకెళ్లాలో వాటిలోంచే ఎంచుకుంటాం.