స్కేలు మీద చెయ్యి

(తిరుపతిలో కుట్టు శిక్షణ ముగింపు సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, హాలు ఇచ్చినవారికి, మైకు పెట్టిన తమ్ముడికి, పొద్దున్నే పిల్లల్ని బడికి పంపి బస్సులెక్కి వచ్చిన చంద్రగిరి, రేణిగుంట, శ్రీకాళహస్తి, పుత్తూరు అక్కచెల్లెళ్లకు నమస్కారం. శాలువాలు, సన్మానాలు చివర్లో పెట్టుకుందామని ముందే మాట తీసుకున్నాను. పెద్దలు ఏమీ అనుకోరు, కానీ బల్ల మీద పరిచిన ఈ గుడ్డ అంతసేపు ఆగేలా లేదు. ఫ్యాను గాలికి అప్పుడే రెండుసార్లు లేచింది. ఆ ఫ్యాను కాస్త ఆపండమ్మా. ఉక్కపోస్తుంది, తెలుసు. కోసేటప్పుడు ఫ్యాను ఆపడం కూడా పాఠంలో భాగమే.

ఆహ్వానపత్రంలో నా అంశం 'ప్యాచ్‌వర్క్‌తో ఉపాధి' అని వేశారు, అంటే గుడ్డ ముక్కలు కొలతకి కోసి జోడించి కుట్టే పనితో. ఉపాధి గురించి బ్యాంకువారు వచ్చారు, వాళ్లు చెప్తారు. నేను ఒక్క సంగతే మాట్లాడతాను: కోసేటప్పుడు స్కేలు ఎందుకు జారుతుంది, జారకుండా ఏం చెయ్యాలి. ఇంత చిన్నదానికి ప్రసంగం ఎందుకంటారా? లెక్క చూడండి. 2½ ఇంచుల ముక్కలు పది. రెండు వైపులా పావు ఇంచు కుట్టులోకి పోతే ఒక్కోటి 2 ఇంచులు మిగులుతుంది. పదీ జోడిస్తే, రెండు కొసల్లో మిగిలే పావులతో కలిపి వరస 20½ ఇంచులు రావాలి. ఒక్కో ముక్క ఇంచులో ఎనిమిదో వంతు తగ్గిందనుకోండి, వరస 19¼కి పడిపోతుంది. పక్క వరస సరిగ్గా వచ్చుంటే ఈ ఇంచుంబావు తేడాని ఏ మిషనూ సర్దలేదు. అప్పుడు సాగదీసి కుడతారు, దుప్పటి మధ్యలో ఉబ్బుతుంది, కొనేవాళ్లు తిప్పి పంపుతారు.

మన అమ్మమ్మల బొంతకి స్కేలుతో పనిలేదు. పాత నూలు చీరలు నాలుగైదు పొరలు పరిచి, చుట్టూ మడిచి, రన్నింగ్ కుట్టు వేసుకుంటూ పోతే అదే బొంత. అంచు నాలుగు వేళ్లు ఎక్కువైనా అడిగేవాళ్లు లేరు. ఇప్పుడు మీరు నేర్చుకున్నది వేరే పని. దీని పనిముట్లు వేరు: గుండ్రటి బ్లేడు కట్టరు, దాని కింద కోతకి పరిచే మ్యాట్, పైన కింది గుడ్డ కనబడే మందపాటి అక్రిలిక్ స్కేలు. ఈ కట్టర్ని జపాన్‌లో ఓల్ఫా కంపెనీ 1979లో తెచ్చింది. అంతకు ముందు ఇలాంటి ఇంటి పనికి ఎక్కువగా కత్తెరే.

నాకున్న కోపం ఇక్కడే. చాలా చోట్ల శిక్షణకి కట్టర్లు కొంటారు, మ్యాట్లు కొంటారు, స్కేళ్లు కొంటారు. బల్ల కొనరు! నేల మీద కూర్చోబెట్టి కోయిస్తారు, లేదంటే మిషను మూత మీద. కోసిన పొడవాటి పట్టీ వంకరపోతే "నీ చెయ్యి నిలకడ లేదు పాపా" అంటారు. చెయ్యి తప్పేం లేదు. నేల మీద కూర్చుని ముందుకి వంగినప్పుడు ఒంటి బరువు స్కేలు మీదికి దిగదు, స్కేల్ని ముందుకి, పక్కకి తోస్తుంది. స్కేల్ని ఆపేది పైనుంచి దిగే బరువు. బరువు కిందికి, పక్కకి కాదు. ఈ మాట ఇంకో నాలుగుసార్లు అంటాను, విసుక్కోకండి.

నిలబడి కొయ్యాలి. మోచెయ్యి మడిచి నిలబడితే, దానికి మూడు నాలుగు ఇంచుల కింద బల్ల ఉండాలి. ఐదడుగుల మనిషికి అది సుమారు 33, 34 ఇంచులు. మామూలు భోజనాల బల్ల 30 దగ్గర ఉంటుంది, ఒక్కో కాలు కింద ఒక ఇటుక పడుకోబెడితే 3 ఇంచులు లేస్తుంది. వంటింటి గట్టు చాలా ఇళ్లలో సరిపోతుంది. అయితే గ్రానైటు మీద మ్యాట్ మొత్తం జారుతుంది, మనం స్కేలు జారిందనుకుంటాం. అల్మారా అరల్లో పరిచే రబ్బరు జాలీ షీటు మ్యాట్ కింద వేస్తే ఆ జారుడు పోతుంది.

ఇక చెయ్యి. కుడిచేతివాటం లెక్కన చెప్తున్నాను, ఎడమచేతివాళ్లు తిప్పి చూసుకోండి. పట్టీ కోసేటప్పుడు గుడ్డ ఎడమ అంచు స్కేలు మీది 2½ గీతకి ఆనుతుంది, బ్లేడు కుడి అంచు వెంట నడుస్తుంది. బ్లేడు స్కేల్ని ఒరుసుకుంటూ పోతుంది కాబట్టి తోపు ఎప్పుడూ ఎడమకే. స్కేలు ఎడమకి జరిగితే పట్టీ సన్నబడుతుంది. ఎడమచెయ్యి స్కేలు మొదట్లో పెట్టి అక్కడే ఉంచేస్తే, మడతబందు దగ్గర ఎంత గట్టిగా పట్టినా తలుపు కొస ఊగినట్టు, 24 ఇంచుల స్కేలు అవతలి కొస తిరుగుతుంది. చేతికి దగ్గర్లో కొలత సరిగ్గా వస్తుంది, దూరంలో తప్పుతుంది.

చూడండి, చూపిస్తాను. వెనకవాళ్లు లేచి నిలబడండి, పర్లేదు. అరచెయ్యి పైకెత్తి, బొటనవేలు, మూడు వేళ్లు విడివిడిగా, కొసలతో ఆనించాలి. బ్లేడు అంచుకి కనీసం ఒక ఇంచు ఇవతల. చిటికెన వేలు స్కేలు మీద కాదు, ఎడమ అంచు బయట, మ్యాట్ మీద, అంచుకి ఆనుకుని. స్కేలు ఎడమకి పోదామంటే ఆ వేలు అడ్డం. బ్లేడు ఇవతలి కొసలో, గుడ్డ మొదలవకముందే మ్యాట్ మీద దించి, ఒంటికి దూరంగా తోయాలి. వేళ్ల వరసకి వచ్చాక ఆగాలి. బ్లేడు ఎత్తొద్దు, ఉన్నచోటే నొక్కి ఉంచాలి. అప్పుడు ముందు వేళ్లు ముందుకి, తర్వాత బొటనవేలు, తర్వాత చిటికెన వేలు. ఒక్కసారిగా చెయ్యి మొత్తం ఎత్తి పెడితే ఆ క్షణంలోనే స్కేలు కదులుతుంది. మళ్లీ నొక్కి, మళ్లీ కోత. 22 ఇంచుల కోతకి ఇట్లా రెండు మూడు చోట్ల ఆగాలి. బరువు కిందికి...

పక్కకి కాదు. అదీ! ఇప్పుడు మీరే అంటున్నారు.

ముందు వరసలో ఆ పాప చేతిలో కట్టరు తెరిచే ఉంది. మూయమ్మా. కోత అయిన ప్రతిసారీ, చెయ్యి వదలకముందే బ్లేడు మూత పడాలి. ఇంకో మాట, ఇది బతిమాలి చెప్తున్నాను: టైలరు షాపులో వాడే పల్చటి స్టీలు స్కేలు పెట్టి ఈ కట్టరు వాడకండి. అంచు మందం లేక బ్లేడు పైకెక్కి వేళ్ల మీదికి వస్తుంది. ఎక్కకపోయినా ఇనుముకి ఒరుసుకుని బ్లేడు పోతుంది. అక్రిలిక్ స్కేలు 3 మిల్లీమీటర్లకి తక్కువుండకూడదు.

బ్లేడు మొద్దుబారితే కూడా స్కేలు జారుతుంది. తెగక మనం గట్టిగా నొక్కుతాం, ఆ నొక్కుడు సగం పక్కకి పోతుంది. కోతలో సమదూరంలో ఒక్కో పోగు తెగకుండా మిగులుతుంటే బ్లేడులో నొక్కు పడినట్టు, మార్చేయాలి. 45 మిల్లీమీటర్ల బ్లేడుకి నాలుగు పొరలు చాలు. పాత బ్లేడు చెత్తబుట్టలో వేయకండి, చెత్త తీసేవాళ్లకీ చేతులున్నాయి. రేకు డబ్బాలో వేసి మూతకి టేపు చుట్టండి.

గుడ్డ మాట కూడా చెప్పాలి. 44 ఇంచుల పన్నా, అంటే వెడల్పు, ఉన్న గుడ్డ అంచుకి అంచు మడిస్తే 22, ఇంకోసారి మడిస్తే 11. రెండో మడతతో కోత పొట్టిదై, చెయ్యి జరపాల్సిన పని దాదాపు ఉండదు. బదులుగా పొరలు నాలుగవుతాయి, మడతలు సూటిగా లేకపోతే పట్టీ విప్పగానే మధ్యలో మోచెయ్యిలా వంగుతుంది. అది స్కేలు తప్పు కాదు. పాప్లిన్, టూ బై టూ లాంటివి ఉతికి, పల్చటి గంజి పెట్టి, ఇస్త్రీ చేసి కోస్తే పొరలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. శాటిన్, పాలిస్టర్ అయితే రెండు పొరలకి మించొద్దు.

శ్రీకాళహస్తి కలంకారీ తెచ్చినవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. కరక్కాయ, పాలల్లో ముంచిన గుడ్డ మీద ఒక మనిషి కలం పట్టి నెమలిని గీశాడు. దాన్ని 6½ ఇంచుల చదరంలో నడిమధ్యన కోయాలి. స్కేలు ఎనిమిదో వంతు జారితే నెమలి ముక్కు కుట్టులోకి పోతుంది. ముక్కు లేని నెమలి అని అమ్మలేం కదా! ఇలాంటి బొమ్మకి చదరపు స్కేలు పెట్టి, కుడి అంచు, పై అంచు కోసి, తర్వాత స్కేలు తిప్పడం కాదు, మ్యాట్ తిప్పాలి. ముక్క మ్యాట్ మీద ఉన్నచోటే ఉండాలి. తర్వాత కోసిన అంచులకి గీతలు ఆనించి మిగతా రెండు వైపులు. కలంకారీ మీద ఎప్పుడూ ఒక్కటే పొర. అంత ఖరీదు గుడ్డని మడిచి కోయడానికి చెయ్యెట్లా వస్తుందో నాకు అర్థం కాదు.

సరే, చాలామంది ఎదురుచూస్తున్నది స్కేలు జారకుండా దాని అడుగున అంటించేవాటి గురించి. చెయ్యి కుదిరాకే అవి. చౌకగా అయ్యేది ఉప్పుకాగితం, 220 నంబరుది. చొక్కా గుండీ అంత చుక్కలు కత్తిరించి డబుల్ సైడ్ టేపుతో స్కేలు అడుగున అంటించాలి. ఎక్కడ? నాలుగు మూలల్లో అంటారు. చాలదు. 2½ ఇంచుల పట్టీ కోసేటప్పుడు 6 ఇంచుల వెడల్పు స్కేలులో కుడివైపు రెండున్నరే గుడ్డ మీద ఉంటుంది, మిగతా మూడున్నర ఉత్త మ్యాట్ మీదికి వేలాడుతుంది. ఎడమ మూల చుక్కలు గుడ్డని తాకనే తాకవు. కాబట్టి బ్లేడు నడిచే అంచుకి ఒక ఇంచు లోపల, పొడవునా అరడజను చుక్కలు పెట్టండి, ఎడమ అంచున మూడు చాలు. అంచుకి మరీ దగ్గరైతే బ్లేడు ఇసుకని కోసి మొద్దుబారుతుంది. కొలత గీతల మీద పడకుండా చూసుకోండి. నాలుగు పొరలైతే స్కేలు ఎడమకి వాలుతుంది, వేలాడే భాగం కింద అదే గుడ్డ ముక్క నాలుగు మడతలు పెడితే సమంగా కూర్చుంటుంది. ఉప్పుకాగితం వేసిన స్కేల్ని గుడ్డ మీద ఈడ్చొద్దు, ఎత్తి పెట్టాలి. సన్న గుడ్డలకి పోగు లేస్తుంది, వాటికి మందుల షాపులో దొరికే తెల్ల కాగితపు ప్లాస్టర్ పట్టీలు మేలు. పీచు పట్టి నున్నబడగానే పీకి కొత్తవి వేయండి.

అల్మారా తలుపులకి అంటించే పారదర్శకపు రబ్బరు బుడిపెలు కొందరు వేస్తారు. వాటితో స్కేలు పైకి లేస్తుంది, గీత ఒకచోట, గుడ్డ అంచు ఒకచోట కనబడుతుంది. ఒక పరీక్ష: స్కేలు నొక్కి పట్టి అంచు కింద పోస్టుకార్డు దూర్చండి. దూరితే ఆ బుడిపె ఎత్తెక్కువ, తీసేయండి. గాలి పీల్చుకుని అతుక్కునే పిడి కూడా అమ్ముతారు. వేళ్ల నొప్పులున్నవాళ్లకి పనికొస్తుంది, కానీ పట్టు ఒక్కచోటే ఉంటుంది కాబట్టి కొస తిరగడం ఆగదు. ఫెవిక్విక్‌తో ఏదీ అంటించకండి, అక్రిలిక్ తెల్లగా మసకబారుతుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవంతో తుడిస్తే పగుళ్లొస్తాయి. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. మే నెలలో మ్యాట్ కిటికీ పక్కన ఎండకి పెట్టొద్దు, ఒకసారి వంగిందంటే దాని మీద ఏ స్కేలూ నిలవదు.

ఇప్పుడు రెండు బల్లల దగ్గరికి నలుగురేసి రండి. ఒక్కొక్కరు ఒక పట్టీ కోసి, రెండు కొసల్లో, మధ్యలో కొలవండి. అవతలి కొస సన్నబడితే చెయ్యి జరపలేదని. మధ్యలో మెలిక పడితే జరిపేటప్పుడు మొత్తం ఎత్తేశారని. పొడవునా ఒకే తేడా ఉంటే జారలేదు, గీత పక్కనుంచి చూసి చదివారు, కన్ను గీతకి నేరుగా పైన ఉండాలి. రేణిగుంటవాళ్లకి బస్సు టైమట, వాళ్లని ముందు రానివ్వండి.