ఇన్విటేషన్ లెటర్ వచ్చింది సరే, వీసా ఫైలు సంగతేంటి?

నమస్తే. తార్నాక వైపు వెళ్ళినా, గచ్చిబౌలి వైపు వెళ్ళినా, ఏ క్యాంపస్ క్యాంటీన్‌లో కూర్చున్నా నాకు ఒక మాట వినిపిస్తూనే ఉంటుంది. "విదేశంలో కాన్ఫరెన్స్‌కి పేపర్ యాక్సెప్ట్ అయింది, ఇన్విటేషన్ లెటర్ కూడా వచ్చింది, ఇక వీసా గ్యారంటీ." ఈ ఒక్క నమ్మకం పెట్టుకుని, ఏళ్ళ తరబడి కష్టపడి పనిచేసిన రీసెర్చ్ స్కాలర్లు చివరికి తమ సెషన్‌ను ఇక్కడ హాస్టల్ గదిలో కూర్చుని ఆన్‌లైన్‌లో చూస్తున్నారు. నాకది నిజంగా బాధగా ఉంటుంది. అందుకే ఈ వీడియో.

ఇన్విటేషన్ లెటర్ అంటే శుభలేఖ. అందులో ఏముంటుంది? పెళ్ళి ఎవరిది, ముహూర్తం ఎప్పుడు, మండపం ఎక్కడ. అంతే. మీ దారి ఖర్చు ఎవరు పెట్టుకుంటారో ఉండదు. మీకు సెలవు దొరికిందో లేదో ఉండదు. పెళ్ళయ్యాక మీరు ఇంటికి తిరిగొస్తారా అన్నది అసలే ఉండదు. వీసా ఆఫీసర్ అడిగేది సరిగ్గా ఆ లేని వాటి గురించే. పైగా పిలిచింది పెళ్ళివాళ్ళు, ఊళ్ళోకి రానిచ్చేది ఇంకెవరో. కాన్ఫరెన్స్ నిర్వాహకులకు వీసా నిర్ణయంలో ఏ అధికారమూ లేదు.

[స్క్రీన్ మీద: క్యాలెండర్, మే నుంచి జూలై]

ఒక ఉదాహరణ తీసుకుందాం. వియన్నాలో కాన్ఫరెన్స్, మీరు జూలై 4న విమానం ఎక్కాలి. ఆస్ట్రియా షెంగెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులో ఒకటి. షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. నిర్ణయం మామూలుగా 15 రోజుల్లో వస్తుంది, కానీ 45 రోజుల దాకా సాగొచ్చు. చాలామంది ఆ 15 ఒక్కటే చూస్తారు. దయచేసి 45 పట్టుకోండి. జూలై 4 నుంచి వెనక్కి లెక్కపెడితే మే 20. ఆ రోజుకి మీ ఫైలు లోపల ఉండాలి. మరి వీసా సెంటర్‌లో ఫైలు ఇచ్చే అపాయింట్‌మెంట్ ఎప్పటికి దొరకాలి? సరిగ్గా అప్పుడే మనవాళ్ళంతా ఎండాకాలం సెలవులకు యూరప్ టూర్లు పెట్టుకుంటారు, స్లాట్లు కరువవుతాయి. యాక్సెప్టెన్స్ ఏప్రిల్లో వచ్చిందంటే చేతిలో ఉన్నది నెల రోజులు. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఇదే: పేపర్ సబ్మిట్ చేసిన రోజే పాస్‌పోర్ట్ తీసి చూడండి. తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం 3 నెలల గడువు ఉండాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి, పాస్‌పోర్ట్ ఇచ్చి 10 ఏళ్ళు దాటకూడదు.

ఏ దేశానికి అప్లై చేయాలన్నది ఇంకో గందరగోళం. వియన్నాలో 5 రోజులు, తర్వాత పారిస్‌లో 2 రోజులు అనుకుంటే, అప్లికేషన్ ఆస్ట్రియాకే. ఎక్కువ రోజులు ఉండే దేశానికి చేయాలి, స్లాట్ తొందరగా దొరికే దేశానికి కాదు. "ఫలానా దేశం ఈజీ అట" అని స్నేహితులు చెప్పే మాట వినకండి.

ఇప్పుడు చాలామందికి తెలియని మంచి విషయం ఒకటి. షెంగెన్ ఫీజు పెద్దవాళ్ళకు 90 యూరోలు. కానీ యూరప్ వీసా కోడ్‌లోని 16వ ఆర్టికల్ ప్రకారం, శాస్త్రీయ సదస్సులో పాల్గొనడానికి వెళ్ళే పరిశోధకులకు ఆ ఫీజు మినహాయింపు ఉంది. వీసా సెంటర్ వాళ్ళ సర్వీస్ ఛార్జీ మాత్రం కట్టాలి. స్టైపెండ్ మీద బతికే స్కాలర్‌కి అది చిన్న డబ్బు కాదు. మీ సంస్థ లెటర్‌లో పరిశోధకులని స్పష్టంగా రాయించుకుని, కౌంటర్ దగ్గర మర్యాదగా అడగండి.

[స్క్రీన్ మీద: నాలుగు కాగితాలు పక్కపక్కన]

మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా వచ్చే తంటా ఇంటిపేరుతో. పేపర్ మీద "కె. రవికుమార్". పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడిలో కొండపల్లి, కింద రవికుమార్. బ్యాంకులో "రవి కుమార్ కె". కాన్ఫరెన్స్ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ అయినప్పుడు పేపర్ మీద పేరే కొట్టేస్తాం, లెటర్ కూడా అలాగే వస్తుంది. ఈ నాలుగు కాగితాలూ ఒకే మనిషివని ఆఫీసర్ ఎలా నమ్మాలి? శుభలేఖ కవరు మీద మీ పేరే సరిగ్గా లేనట్టు. రిజిస్ట్రేషన్‌లో పాస్‌పోర్ట్‌లో ఉన్నది ఉన్నట్టు, అక్షరం తేడా లేకుండా రాయండి. లెటర్ తప్పుగా వస్తే మెయిల్ పెట్టి మార్పించుకోండి, మారుస్తారు. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్ళు అమెరికా వీసా అప్లికేషన్ అయిన డీఎస్-160 ఫారంలో, తమకు ఉన్న పేరంతా సర్‌నేమ్ దగ్గర రాసి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పెట్టాలి.

ఇక మీ సంస్థ ఇచ్చే ఎన్ఓసీ, అంటే నో అబ్జెక్షన్ సర్టిఫికెట్. "మాకు అభ్యంతరం లేదు" అని ఒక్క లైను రాసి స్టాంప్ వేస్తే దానికి బలం ఉండదు. ఏమేం ఉండాలంటే: ఫలానా సంవత్సరం నుంచి ఇక్కడ పీహెచ్‌డీ చేస్తున్నారు, ఫెలోషిప్ ఫలానా నెల దాకా ఉంది, ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు సెలవు మంజూరైంది, విమానం ఖర్చు ఫలానా వాళ్ళది, బస ఖర్చు ఫలానా వాళ్ళది, తిరిగొచ్చి ఫలానా రోజు ల్యాబ్‌లో చేరాలి. శుభలేఖలో లేనివన్నీ ఇందులో ఉన్నాయి, గమనించారా? డ్రాఫ్ట్ మీరే రాసి తీసుకెళ్ళండి. ఆఫీసులో రాసేవాళ్ళకు ఇవన్నీ తట్టవు, వాళ్ళ తప్పూ కాదు.

డబ్బు విషయంలో ఒక్క మాట. అపాయింట్‌మెంట్‌కి వారం ముందు నాన్నగారి అకౌంట్ నుంచి మూడు లక్షలు వేయించుకుంటే అనుమానమే పెరుగుతుంది. నాన్నగారు ఖర్చు పెడుతుంటే ఆ మాటే రాసి, ఆయన స్టేట్‌మెంట్ జత చేయండి. నిజం చెప్పే ఫైలుకే నమ్మకం ఎక్కువ.

అమెరికా అయితే నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ, కాన్ఫరెన్స్‌కి బీ-1 వీసా, అంటే పని మీద కొద్దిరోజులకు వెళ్ళేవాళ్ళ వీసా. అక్కడి చట్టం, సెక్షన్ 214(బి), మీరు అక్కడే స్థిరపడతారనే ముందు అనుకుంటుంది. కాదని చూపించాల్సింది మీరే, అదీ నాలుగైదు నిమిషాల్లో. అందుకే జవాబు ఇలా ఉండాలి: "ఉప్పు నేలల్లో పండే వరి మీద పనిచేస్తున్నాను. ఆ ఫలితాలు కాన్ఫరెన్స్‌లో చెబుతాను. వారం ఉంటాను, 14న తిరిగొస్తాను." థీసిస్ టైటిల్ అప్పజెప్పొద్దు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. బ్రిటన్‌కి స్టాండర్డ్ విజిటర్ వీసా, ప్రయాణానికి 3 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. షెంగెన్‌కి ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల కవరేజీతో ఉండాలి. మీ సబ్జెక్టేంటో కూడా చూడకుండా పొగుడుతూ పిలిచి, ముందు డబ్బు కట్టమనే కాన్ఫరెన్స్‌లు ఉన్నాయి, అది పెళ్ళే లేని శుభలేఖ. డబ్బు కట్టే ముందు మీ గైడ్‌ని అడగండి. పోస్టర్ బట్ట మీద ప్రింట్ చేయించుకుంటే మడిచి క్యాబిన్ బ్యాగులో పెట్టుకోవచ్చు. స్లైడ్స్ పెన్‌డ్రైవ్‌లో, మెయిల్‌లో రెండు చోట్లా ఉంచండి. శంషాబాద్‌కి మూడు గంటల ముందు చేరండి, పుష్పక్ బస్సు ఉంది.

కేంద్ర ప్రభుత్వ నిధులతో వెళ్ళేవాళ్ళు టికెట్ కొనేముందు అకౌంట్స్ సెక్షన్‌ని అడగండి. 2022 నుంచి బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ, ఈ మూడు ట్రావెల్ ఏజెన్సీల ద్వారానే కొనాలన్న నిబంధన ఉంది. చౌకగా దొరికిందని ఇంకో యాప్‌లో కొంటే బిల్లు ఆగిపోవచ్చు. బోర్డింగ్ పాస్‌లు, రిజిస్ట్రేషన్ రసీదు, హాజరు సర్టిఫికెట్ మూడూ ఒకే కవర్లో పెట్టుకోండి, తిరిగొచ్చిన వారంలోనే క్లెయిమ్ పెట్టేయండి.