రొయ్యని ఆఖరున వేయండి

శ్రోతలకు నమస్కారం.

ఇవాళ క్యాప్సికమ్‌లో అన్నం, మాంసం, రొయ్యలు కూరి వండే ఒక వంట గురించి మాట్లాడదామని వచ్చాను. అందులో మీకు గట్టిగా చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంది, అది ముందే చెప్పేస్తాను. రొయ్యని ఆఖరున వేయండి. మధ్యలో మళ్ళీ చెబుతాను, విసుక్కోకండి. ఈ వంట చెడిందంటే తొంభై పాళ్లు అక్కడే చెడుతుంది.

మాది సముద్రంలో చమురు తీసే పని. రాజమండ్రిలో మొదలుపెట్టినవాణ్ని, ఆ పనే నన్ను అమెరికాలో లూసియానా రాష్ట్రానికి తీసుకెళ్లింది. లఫాయెట్ అనే ఊళ్లో రెండేళ్లున్నాను. అక్కణ్నుంచి పడమటి వైపు కారులో అరగంట వెళ్తే క్రౌలీ అని ఇంకో ఊరు. రోడ్డుకి అటూ ఇటూ నీళ్లు నిలిచిన వరి మళ్లు. మొదటిసారి చూసినప్పుడు కారు పక్కకి ఆపి కాసేపు అలా నిలబడిపోయాను. మా కోనసీమకి వచ్చినట్టే ఉంది. వరి కోశాక అవే మళ్లల్లో నీళ్లు పెట్టి క్రాఫిష్ పెంచుతారు. క్రాఫిష్ అంటే చిన్న ఎండ్రకాయ గోళ్లు తగిలించిన రొయ్యలా ఉంటుంది. వరీ, రొయ్యా, ఉప్పునీటి గాలీ ఉన్నచోట భోజనం బాగుండక ఏమవుతుంది చెప్పండి?

ఆ ప్రాంతపు వంటనే కేజన్ వంట అంటారు. కెనడా తూర్పు తీరంలో, ఇప్పటి నోవా స్కోషియా వైపు, అకేడియన్లని ఫ్రెంచి మాట్లాడే రైతులుండేవారు. 1755 నుంచి బ్రిటిష్‌వాళ్లు వాళ్ల ఇళ్లూ పొలాలూ లాక్కుని ఓడలెక్కించి వెళ్లగొట్టారు. చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. వాళ్లలో కొందరు 1760లలో లూసియానా చేరి, బాడవ నేలల్లో, కాలువ గట్ల మీద ఇళ్లు కట్టుకున్నారు. అకేడియన్ అన్న మాటే నోళ్లలో నలిగి కేజన్ అయింది. దొరికిన చేపతో, దొరికిన రొయ్యతో, పండిన బియ్యంతో వండుకున్న వంట అది. ఒపెలూసస్ దగ్గర పదమూడు మంది పిల్లల్లో ఆఖరివాడిగా పుట్టిన పాల్ ప్రుడోమ్ 1979లో న్యూ ఆర్లీన్స్‌లో హోటల్ పెట్టి, ఆ ఇంటి వంటని లోకానికి చూపించారు. ఆయన చేసిన రెడ్‌ఫిష్ వేపుడికి ఎంత గిరాకీ పెరిగిందంటే, ఆ చేపని పట్టడం మీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది.

చరిత్ర ఇంతటితో ఆపుతాను. మనం క్యాప్సికమ్ దగ్గరికి వెళ్లాలి.

నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన కేజన్ పెద్దావిడ. పై భాగం నాకిచ్చి కింద ఆవిడ ఉండేవారు. నన్ను 'షా' అని పిలిచేవారు. ఫ్రెంచి మాట. మన పెద్దవాళ్లు 'నాన్నా', 'బంగారం' అంటారు చూడండి, అదే. ఒక ఆదివారం మధ్యాహ్నం కిందికి పిలిచి పళ్లెంలో ఒక పెద్ద ఎర్ర క్యాప్సికమ్ పెట్టారు. పైన టోపీలా కోసేసి ఉంది. లోపల అన్నం, చిన్న చిన్న స్టేక్ ముక్కలు, రొయ్యలు. గుత్తి వంకాయ తిని పెరిగినవాణ్ని, కాయలో కూరి వండటం నాకు కొత్త కాదు. అయినా మొదటి ముద్దకే ఆగిపోయాను. రొయ్య పంటి కింద టక్కుమని తెగి, తియ్యగా నీరూరింది. మాంసం వేపుడు రుచి విడిగా తెలుస్తోంది. దేని రుచి దానిదే, అన్నీ కలిసి మళ్ళీ ఒకటే.

తర్వాతి వారం నేనే వండాను. ఆఫీసు మిత్రులు నలుగుర్ని భోజనానికి పిలిచాను. మాంసం వేయించి, అందులోనే రొయ్యలు వేసి మగ్గించి, మసాలా, అన్నం కలిపి, పచ్చి క్యాప్సికమ్‌లో కూరి ఓవెన్‌లో నలభై నిమిషాలు పెట్టాను. కాయ ఉడకాలంటే అంతసేపు పడుతుంది మరి. తీశాక చూడ్డానికి ఎంతో బాగుంది. తింటే మాత్రం రొయ్య రబ్బరు. నమిలేకొద్దీ నోట్లో అలాగే ఉంది. మిత్రులు మర్యాదస్తులు, తిన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి మనసంతా అదోలా అయిపోయింది.

మర్నాడు మిగిలినదాన్ని డబ్బాలో పెట్టుకుని కిందికి తీసుకెళ్లి ఆవిడకి చూపించాను. ఆవిడ రుచి చూడలేదు. ఒక్క రొయ్యని వేళ్లతో తీసి అరచేతిలో పెట్టుకుని నా ముందు పట్టారు. తలా తోకా కలిసిపోయి, ఉంగరంలా గుండ్రంగా బిగుసుకుపోయి ఉంది. 'షా, దీన్ని మూడుసార్లు వండావు' అన్నారు. అదే తప్పు. మూకుడులో ఒకసారి, అన్నంతో కలిపేటప్పుడు ఒకసారి, ఓవెన్‌లో ఒకసారి. సరిగ్గా ఉడికిన రొయ్య నెలవంకలా ఉంటుంది. అతిగా ఉడికితే ఉంగరమైపోతుంది. గడియారం చూడక్కర్లేదు, రొయ్య వంపు చూస్తే చాలు.

వచ్చే శనివారం రా అని, పక్కన నిలబెట్టుకుని చేయించారు. ఆ శనివారం చేసిందే ఇప్పుడు మీకు చెబుతున్నాను. కావాలంటే కాగితం, కలం దగ్గర పెట్టుకోండి.

ఆరు పెద్ద క్యాప్సికమ్‌లు. ఎర్రవో పసుపువో అయితే తియ్యగా ఉంటాయి. పచ్చది అంటే ఇంకా పండని కాయ, కాస్త చేదుంటుంది. నాకు ఎర్రదే ఇష్టం. ఆవిడకి పచ్చదే ఇష్టం, ఆ చేదు ఉంటేనే రొయ్య తీపి తెలుస్తుంది అనేవారు. పైభాగం కోసి, గింజలు, లోపలి తెల్ల పొరలు తీసేయాలి. కోసిన పైభాగాలు పారేయకండి. తొడిమ తీసి సన్నగా తరిగి పక్కన పెట్టుకోండి. కేజన్ వంటకి పునాది మూడు కూరగాయలు: ఉల్లిపాయ, సెలరీ అనే పచ్చటి కాడల కూర, క్యాప్సికమ్. ఈ మూడింటినీ కలిపి అక్కడ 'హోలీ ట్రినిటీ' అంటారు. మనకి పోపెలాగో వాళ్లకి అది అలాగ. ఇక్కడ కాయ లోపలా క్యాప్సికమే, బయటా క్యాప్సికమే.

ఖాళీ కాయలకి కాస్త నూనె రాసి, బోర్లించి, 190 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టండి. ముందు ఖాళీగా ఉడికించడం ఎందుకంటే, కాయకి కావలసిన టైమ్ వేరు, రొయ్యకి కావలసిన టైమ్ వేరు. కాయకి అరగంట పైన కావాలి. చిన్న రొయ్యకి మూడు నాలుగు నిమిషాలు చాలు. రెండింటినీ ఒకేసారి లోపలికి పంపితే ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది. కాయ మెత్తబడి, ఇంకా నిలబడగలిగేలా ఉన్నప్పుడు బయటికి తీయండి. లోపల ఊరిన నీళ్లు వంచేయండి.

ఇక మసాలా. బజార్లో డబ్బాలో దొరికే కేజన్ మసాలాలో ఉప్పు బాగా ఎక్కువ. ఇంట్లో కలుపుకుంటేనే మంచిది. మూడు చెంచాల పాప్రికా, అంటే ఘాటు తక్కువున్న ఎర్ర మిరప్పొడి, ఒక్కో చెంచా వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, అరచెంచా చొప్పున మిరియాల పొడి, తెల్ల మిరియాల పొడి, థైమ్, ఒరెగానో అనే ఎండు ఆకులు, అరచెంచా కారం, చెంచా ఉప్పు. పాప్రికా దొరక్కపోతే కాశ్మీరీ మిరప్పొడి వేయండి. మూడు చెంచాలన్నాను కదా అని ఆ చోట గుంటూరు కారం వేయకండి, తినలేరు. కేజన్ అంటే మంట అని చాలామంది అనుకుంటారు. మంట అసలు కాదు అక్కడి గొప్పతనం. ఎర్ర కారం నాలుక మీద, మిరియం గొంతులో, తెల్ల మిరియం కాసేపాగి ముక్కులో తెలుస్తాయి. మూడు ఘాట్లు మూడు చోట్ల.

స్టేక్ అంటే అక్కడ గొడ్డుమాంసం. పావు కిలో చాలు. సర్లాయిన్ లాంటి మెత్తని ముక్క తీసుకుని, తడి లేకుండా గుడ్డతో అద్ది, సగం మసాలా పట్టించండి. ఇనప పెనం బాగా కాలాక వేసి, అటు రెండు నిమిషాలు, ఇటు రెండు నిమిషాలు. తడి ఉంటే మాంసం వేగదు, ఉడుకుతుంది, ఆ గోధుమరంగు పట్టు రాదు. తీసి పళ్లెంలో ఐదు నిమిషాలు వదిలేసి, నారకి అడ్డంగా చిన్న ముక్కలు కోయండి. గొడ్డుమాంసం తినని ఇళ్లల్లో ఎముక తీసిన కోడి తొడ మాంసం వాడండి, కాకపోతే లోపల పచ్చి లేకుండా పూర్తిగా వేగనివ్వండి. మటన్ మాత్రం వద్దు, ఇంత తక్కువసేపట్లో మెత్తబడదు.

రొయ్యలు 300 గ్రాములు, పొట్టు తీశాక తూకం. వీపు వెంట నల్లటి దారం తీసేయండి. తలలు, పొట్టు పారేయకండి. రెండు గ్లాసుల నీళ్లల్లో వేసి ఇరవై నిమిషాలు మరిగించి వడకట్టండి. ఆ వంటింట్లో నాకు బాగా గుర్తున్నది ఆ గిన్నే. నీళ్లు మెల్లగా నారింజ రంగుకి తిరిగాయి, ఇల్లంతా మా ఊరి సంత రోజు వాసన వచ్చింది. పచ్చి రొయ్యలో ఆ ఎరుపు ముందే ఉంటుంది. ఒక ప్రోటీన్ దాన్ని పట్టి ఉంచడం వల్ల బూడిదరంగుగా కనిపిస్తుంది. వేడికి ఆ పట్టు వదిలితే ఎరుపు బయటపడుతుంది.

రొయ్యల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. లఫాయెట్ సూపర్ మార్కెట్‌లో ఫ్రీజర్ తలుపు తీస్తే రొయ్యల ప్యాకెట్ల మీద 'ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా' అని ఉండేది. అమెరికాకి రొయ్యలు ఎక్కువగా పంపే దేశాల్లో మనదొకటి. మన దేశంలో ఎక్కువగా పండించేది ఆంధ్రా. మొదటిసారి ఆ అక్షరాలు చూసినప్పుడు భీమవరం చెరువులు కళ్ల ముందు కదిలాయి. మా ఇంటి యజమానురాలు మాత్రం అక్కడి మెక్సికో గల్ఫ్ సముద్రంలో పట్టిన రొయ్యలే కొనేవారు. ఆవిడ తమ్ముడు పడవ నడిపి బతికినవాడు. బయటి రొయ్య చవగ్గా వచ్చి తమ ధర పడగొట్టిందని వాళ్ల బాధ. ఇక్కడ చెరువు రైతుకి అప్పుల టెన్షన్ ఎలాంటిదో నాకు తెలుసు. అక్కడ పడవవాళ్ల బాధా చూశాను. ఇద్దరిదీ కష్టమే. 2019లో లూసియానాలో చట్టం చేశారు, హోటల్లో వడ్డించే రొయ్య విదేశానిదైతే ఆ సంగతి మెనూలో చెప్పాలని. అది మంచిదే అనిపించింది. తినేవాడికి తెలియాలి.

మళ్ళీ పొయ్యి దగ్గరికి వద్దాం. మాంసం వేయించిన పెనంలోనే కాస్త వెన్న వేసి, ఒక పెద్ద ఉల్లిపాయ, రెండు సెలరీ కాడలు, తరిగి ఉంచిన క్యాప్సికమ్ పైభాగాలు వేసి మెత్తబడేదాకా వేయించండి. సెలరీ దొరక్కపోతే మానేయండి, ఉల్లిపాయ ఇంకాస్త వేయండి. నాలుగు వెల్లుల్లి రెబ్బలు, మిగిలిన మసాలా వేసి ఒక్క నిమిషం కలిపి, రొయ్య పొట్టు నీళ్లు ఒక గ్లాసు పోయండి. పెనానికి అంటుకున్న మాంసపు అడుగంతా గరిటెతో గీకండి, రుచంతా అందులోనే ఉంది. నీళ్లు సగమయ్యాక కాస్త పలుకుగా వండిన అన్నం ఒకటిన్నర గ్లాసు, మాంసం ముక్కలు వేసి కలపండి. పొగలు కక్కేలా వేడెక్కాక స్టవ్ కట్టేయండి.

స్టవ్ కట్టేశాక, అప్పుడు, పచ్చి రొయ్యలు వేయండి. రొయ్యని ఆఖరున వేయండి. పెద్దవైతే రెండు ముక్కలు చేయండి. కలిపి, ఆలస్యం చేయకుండా, వేడివేడిగా కాయల్లో కూరండి. అదిమి నొక్కొద్దు, వదులుగా ఉండాలి. ఒక్కో కాయ మీద ఒక్కో రొయ్యని ముక్కలు చేయకుండా నిలువునా పెట్టండి. అది అలంకారం కాదు. ఓవెన్ తలుపు తీయగానే మీకు దాని వంపు కనపడాలి.

మళ్ళీ 190 డిగ్రీల్లో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. ఓవెన్ లేకపోతే మందపాటి గిన్నెలో అడుగున కొంచెం నీళ్లు పోసి, కాయలు నిలబెట్టి, మూతపెట్టి సన్న సెగ మీద అంతే సేపు. పన్నెండో నిమిషంలో చూడండి. పైనున్న రొయ్య ఎర్రబడి, గాజులాంటి పారదర్శకత పోయి, నెలవంకలా వంగి ఉంటే ఒక కాయ మధ్యలో చెంచా గుచ్చి లోపలి రొయ్యా చూడండి. అదీ తెల్లబడితే తీసేయండి. ఇంకా బూడిదరంగు ఉంటే మరో రెండు నిమిషాలు. తీశాక ఐదు నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయండి, కాయలోని నీరంతా అన్నం పీల్చుకుంటుంది.

ఆ శనివారం ఆవిడ ఓవెన్ తలుపు తీసి, నన్ను వంగి చూడమన్నారు. ఆరు కాయల మీద ఆరు నెలవంకలు. 'ఇప్పుడు నీ ఆఫీసువాళ్లని మళ్ళీ పిలు' అన్నారు. పిలిచాను. ఆ రోజు గిన్నెలో ఒక్కటీ మిగల్లేదు.

సెలవు, నమస్కారం.