మూసిన బడిలో మొదలైన మా హైస్కూలు చదువు

(నల్లగొండ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో, 2025 మార్చిలో జరిగిన పదో తరగతి వీడ్కోలు సభలో విద్యార్థుల తరఫున చదివిన ప్రసంగ పాఠం)

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి, మాకు చదువు చెప్పిన ఉపాధ్యాయులందరికీ, పనులు మానుకొని వచ్చిన మా తల్లిదండ్రులకు, ఈ సభను ఏర్పాటు చేసిన తొమ్మిదో తరగతి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా తరగతి తరఫున నమస్కారాలు.

మేము ఈ బడిలో చేరింది 2020లో. ఐదో తరగతి పూర్తికాకుండానే కరోనా వల్ల మార్చి నెలలో ఇంటికి పంపిన పిల్లలం, గేటు లోపల అడుగు పెట్టకుండానే రిజిస్టరులో ఆరో తరగతి విద్యార్థులమైపోయాం. సెప్టెంబరు 1 నుంచి టీవీలో దూరదర్శన్ యాదగిరి చానెల్‌లోనూ, రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానెల్ టీశాట్‌లోనూ మాకు పాఠాలు మొదలయ్యాయి. చెప్పినవారు శ్రద్ధగానే చెప్పారు, అందులో సందేహం లేదు. కానీ అర్థం కానప్పుడు ఆపి అడిగే వీలు లేదు, అర్థం కాలేదని మా ముఖం చూసి గుర్తుపట్టే వారూ లేరు. ఇంట్లో ఉన్నది ఒక్క టీవీ, ఒక్క ఫోను. ఆ ఫోను కూడా నాన్నతో పొద్దున్నే బయటికి పోయి చీకటి పడ్డాక ఇంటికి చేరేది. దసరా దాటి పత్తి చేతికి వచ్చే వేళకు మాలో చాలామందిమి పాఠం జరిగే గంటకు చేనులో సాళ్ల మధ్య నడుముకు సంచి కట్టుకొని ఉన్నాం. మమ్మల్ని పంపినందుకు మా అమ్మానాన్నలను ఎవరూ తప్పుపట్టవద్దని ఈ వేదిక మీది నుంచి కోరుతున్నాను. బడి మూసి ఉన్నప్పుడు పిల్లలను ఒంటరిగా ఇంట్లో వదిలి కూలికి పోవడం కన్నా వెంట తీసుకుపోవడమే వారికి తోచింది.

2021 ఫిబ్రవరి చివరి వారంలో మాకు బడి తెరిచారు. మార్చి 24న మళ్లీ మూశారు. ఆ కొద్ది రోజుల్లో మాకు బాగా గుర్తున్నది పాఠాలు కాదు, మాస్కుల పైనుంచి కళ్లను మాత్రమే చూసి ఒకరినొకరం గుర్తుపట్టడం. ఏడో తరగతి సెప్టెంబరులో మొదలై, సంక్రాంతి సెలవులు జనవరి నెలాఖరు దాకా సాగడంతో మళ్లీ తెగింది. అందువల్ల మేము నిజంగా హైస్కూలు చదువు మొదలుపెట్టింది ఎనిమిదో తరగతిలోనే అని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఆ 2022 జూన్‌లోనే మన రాష్ట్రంలోని సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. భాగహారమే మరిచిపోయి వచ్చిన మాకు సైన్సూ, లెక్కలూ, సాంఘికమూ ఒక్కసారిగా ఇంగ్లీషులోకి మారాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న ఆ కొత్త పుస్తకాలే మమ్మల్ని నిలబెట్టాయి. లెక్కల సార్ సూత్రాన్ని ముందు తెలుగులో విప్పి చెప్పి, మేము తలలు ఊపిన తరవాతే బోర్డు మీద ఇంగ్లీషులో రాసేవారు. అంతకన్నా పెద్ద పని మరొకటి చేశారు. సాయంత్రం బడి వదిలాక మమ్మల్ని నలుగురేసి చొప్పున కూర్చోబెట్టి, ముందుగా అర్థమైన పిల్లవాడు మిగతా ముగ్గురికీ చెప్పేదాకా ఎవరినీ ఇంటికి పోనిచ్చేవారు కాదు. చెప్పినవాడు ఎక్కడ తడబడితే అక్కడ వాడికీ అర్థం కాలేదని తేలిపోయేది. పోగొట్టుకున్న రెండేళ్ల చదువును మేము రాబట్టుకున్నది ఎక్కువగా ఆ సాయంత్రాల్లోనే అని నా గట్టి నమ్మకం.

రోజూ ప్రార్థన సమయంలో మేము చెప్పే ప్రతిజ్ఞను 1962లో రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు మన జిల్లాలోని అన్నెపర్తిలో పుట్టారని తెలుగు టీచర్ చెప్పిన రోజు నుంచి, దాన్ని వల్లె వేసినట్టు కాక మా ఊరి పెద్దమనిషి మాటగా చెప్పడం మొదలుపెట్టాం. మధ్యాహ్న భోజనం వండిపెట్టిన అమ్మలకు కూడా ఈ సభలో దండం పెట్టాలి. గుడ్డు వడ్డించే రోజున హాజరు పట్టీ చూడకుండానే ఎవరు రాలేదో వారు పేర్లతో సహా అడిగేవారు.

ఈ నెల 21న మాకు పరీక్షలు మొదలవుతాయి. ఈ ఏడాది నుంచి గ్రేడ్లకు బదులు మార్కులు ఇస్తారనీ, విడి కాగితాలు కాక 24 పేజీల జవాబు పుస్తకం ఉంటుందనీ చెప్పారు. పొద్దున, సాయంత్రం ప్రత్యేక తరగతులు పెట్టి, మాతోపాటు ఆకలికి ఓర్చుకున్న ఉపాధ్యాయుల శ్రమను వృథా కానివ్వం.

అయితే ఆరో తరగతి రిజిస్టరులో మాతోపాటు పేర్లున్న వారిలో కొందరు ఇవాళ ఇక్కడ లేరు. ఇద్దరు అమ్మాయిలకు పెళ్లిళ్లు చేస్తారన్న మాట మేము విన్నాం, ఎవరికీ చెప్పలేకపోయాం. కొందరు అబ్బాయిలు పత్తి పని నుంచి మేస్త్రీ పనికి, అక్కడి నుంచి హైదరాబాదుకు పోయారు. వారు బడి మానింది చదువు రాక కాదు. మాలో కొందరికన్నా లెక్కలు బాగా వచ్చినవారు వారిలో ఉన్నారు. బడి మూసి ఉన్న రోజుల్లో ఇంటికి వచ్చి పిలిచేవారు మాకు దొరికారు, వారికి దొరకలేదు. మా గెలుపును లెక్కించేటప్పుడు వారిని లెక్కలోంచి తీసేయడం న్యాయం కాదు.

వారు పదో తరగతిని సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఓపెన్ స్కూల్ ద్వారా రాయవచ్చు. అందుకోసం పరీక్షలు ముగిసిన వెంటనే మా నోట్సులు, పాఠ్యపుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు కట్టలు కట్టి సైన్సు గదిలోని బీరువాలో పెట్టాలని మా తరగతి మొత్తం నిర్ణయించుకుంది. ప్రవేశాలు మొదలవగానే వారి ఇళ్లకు మేమే పోయి మాట్లాడతాం. దరఖాస్తులు నింపడానికి, వారి తల్లిదండ్రులకు నచ్చజెప్పడానికి మాతోపాటు ఒక ఉపాధ్యాయుడు రావాలని ప్రధానోపాధ్యాయులు గారిని వినయంగా కోరుతున్నాం.