అత్తగారి కాయను చంపిన కోడలు

(ఒక ఊరి గ్రంథాలయంలో పిల్లల వేసవి శిబిరం ముగింపు రోజున చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కుటుంబ జీవితంలో చిన్న చిన్న ఆనందాల గురించి మాట్లాడమని గ్రంథాలయం వాళ్ళు కబురు పెట్టారు. లెక్కల టీచరును పిలిచి ఆనందం గురించి చెప్పమనడం వాళ్ళ ధైర్యం. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నేను క్లాసులోకి వస్తుంటే పిల్లల మొహాల్లో ఆనందం మాయమయ్యేది. పెద్ద పెద్ద మాటలు నాకు రావు కాబట్టి, బాగా తెలిసిన ఒక్క ఆనందం గురించే చెబుతాను. ఇంట్లో గచ్చు మీద కూర్చుని అయినవాళ్ళను ఓడించడం.

నవ్వకండి. పరాయివాళ్ళ మీద గెలిస్తే కప్పులిస్తారు, పేపర్లో ఫొటో వేస్తారు. అత్తగారి మీద గెలిస్తే ఏమీ ఇవ్వరు. అయినా ఆ గెలుపు ముప్పై ఏళ్ళు గుర్తుంటుంది. ఎందుకంటారు?

అష్టాచెమ్మ ఎంతమందికి వచ్చు? చేతులెత్తండి. చూశారా, లేచిన చేతులన్నిటికీ గాజులున్నాయి. ఆ వెనక ఇద్దరు మగవాళ్ళు కూడా ఎత్తారు, సంతోషం. రాని పిల్లల కోసం రెండు నిమిషాలు చెబుతాను, పెద్దవాళ్ళు ఓపిక పట్టండి.

అడ్డం అయిదు, నిలువు అయిదు, మొత్తం 25 గడులు. నాలుగు వైపులా నడిమి గడిలో ఇంటూ గుర్తు పెడతాం. అవి నలుగురి ఇళ్ళు. ఇంట్లో ఉన్న కాయ జోలికి ఎవరూ పోకూడదు. మనిషికి నాలుగు కాయలు. పగిలిన గాజుముక్కలో, చీపురుపుల్ల తుంపులో, కంది బద్దలో, చేతికి ఏది దొరికితే అది. నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గడులు నడవాలి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. ఈ రెండిటికీ మళ్ళీ పందెం, అంటే ఇంకోసారి గవ్వలు వెయ్యడం, ఉంటుంది. బయటి వరస ఒక దిక్కున చుట్టి, లోపలి వరసను ఎదురు దిక్కున చుట్టి, నడిమి గడికి చేరితే కాయ పండినట్టు. దారిలో ఎదుటివాళ్ళ కాయ ఉన్న గడిలో సరిగ్గా వెళ్ళి కూర్చుంటే దాన్ని చంపినట్టు. అది మళ్ళీ మొదటికి పోతుంది, మనకు ఇంకో పందెం వస్తుంది.

ఇంకొక్క నియమం. ఒక్క కాయనైనా చంపనివాళ్ళను లోపలి వరసలోకి అడుగు పెట్టనివ్వరు. ఇది గుర్తుపెట్టుకోండి, ఇవాళ నేను చెప్పబోయేదంతా దీని మీదే నడుస్తుంది.

నేను కాపురానికి వచ్చిన ఇంట్లో అత్తగారి ముందు గొంతు పెంచి మాట్లాడటం లేదు. ఆవిడ చెడ్డమనిషి కాదు, ఆ ఇంటి పద్ధతి అలాంటిది. ఏ కూర వండాలో ఆవిడ చెప్పాలి, ఎంత బియ్యం పొయ్యాలో ఆవిడ చెప్పాలి. టీచరు ఉద్యోగం చేస్తున్న కోడలినైనా ఇంటికి రాగానే చేతిలో చేట పెట్టేవారు. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం భోజనాలై, వంటిల్లు సర్దేశాక, వసారాలో సుద్దముక్కతో గడులు గీసేవాళ్ళం. అత్తగారు, తోడికోడలు, ఎదురింటి పిన్నిగారు, నేను. మగవాళ్ళు నిద్రపోయేవాళ్ళు, లేదా అరుగు మీద పేకాటలో ఉండేవాళ్ళు. ఆ రెండు గంటలూ ఎవరికీ మేం అక్కర్లేదు.

మొదట్లో ఆవిడ కాయ నా అందుబాటులోకి వచ్చినా పక్క కాయ జరిపేదాన్ని. భయమో మర్యాదో, ఏదైతేనేం. అలా జరుపుతూ జరుపుతూ నా కాయలు నాలుగూ బయటి వరసలోనే చుట్టూ తిరుగుతుండేవి. చంపితే గదా లోపలికి పోయేది! చివరికి ఒకరోజు నాకు మూడు పడింది. నా కాయకు సరిగ్గా మూడు గడుల అవతల ఆవిడ కాయ ఉంది. వేరే దారి లేదు. చంపేశాను.

వసారా అంతా నిశ్శబ్దం. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని గడుల వంక చూశారు, నా వంక చూశారు. "ఏమ్మా, నా కాయే కనపడిందీ?" అన్నారు. నాకు నోట మాట లేదు. "సర్లే, చంపితే చంపావు. ఇంకో పందెం ఉంది, వెయ్యి మరి" అన్నారు. గవ్వలు ఆవిడే తీసి నా చేతిలో పెట్టారు. రాత్రి పులుసులో ఉప్పు ఎక్కువైందని మామగారంటే, "కోడలు నా కాయను చంపింది, మనసు మనసులో లేదు" అన్నారు అందరి ముందూ. మామగారు ఆ మజ్జిగన్నం ముందు కూర్చుని అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం సుద్దముక్క ఆవిడే తెచ్చారు, పగ తీర్చుకోవడానికి. తీర్చుకున్నారు కూడా. పండటానికి రెండు గడుల దూరంలో ఉన్న నా కాయను చంపి, లేచి కాఫీ పెట్టుకొచ్చారు.

ఆట పుణ్యమా అని అత్తాకోడళ్ళ తగువులు తీరిపోయాయని చెప్పడం లేదు. చేట చేటే, బియ్యం కొలత బియ్యం కొలతే. కానీ ఇంట్లో వరసలన్నీ ఖాయమైపోయి ఉంటాయి. ఎవరు ముందు తినాలో, ఎవరు ఎవరికి ఎదురు చెప్పకూడదో, ఎవరి మాట చెల్లుతుందో అన్నీ. ఈ 25 గడుల్లో మాత్రం మర్యాదస్తురాలికి కాయ పండదు. ఆట నియమమే వెళ్ళి ఎవరినో ఒకరిని కొట్టమంటుంది. కొట్టినా తప్పు మనది కాదు, గవ్వలది. ఇంత తెలివైన ఏర్పాటు ఎవరు చేశారో గానీ, ఉమ్మడి కుటుంబంలో నాలుగు రోజులు ఉన్నవాళ్ళే చేసి ఉంటారని నా అనుమానం.

ఇప్పుడు కాస్త లెక్కలు. పారిపోకండి, తేలికైనవే.

తొమ్మిదో తరగతి పిల్లలకు సంభావ్యత చెప్పాల్సి వచ్చినప్పుడు నేను నాణేలు తెచ్చేదాన్ని కాదు, గవ్వలు తెచ్చేదాన్ని. నాలుగు గవ్వలు, ఒక్కోటి పడే తీరు రెండు, మొత్తం 16 రకాలుగా పడొచ్చు. అందులో ఒకటి పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, చెమ్మ ఒక్కటి, అష్ట ఒక్కటి. అంటే మళ్ళీ పందెం ఇచ్చేది ఎనిమిదింటికి ఒక్కసారి. అన్నీ కలిపి సగటు తీస్తే పందేనికి రెండున్నర గడులు. ఒక కాయ పండటానికి 24 అడుగులు వెయ్యాలి, బయట 15, లోపల 8, నడిమికి 1. కాబట్టి కాయకు దాదాపు పది పందేలు, నాలుగు కాయలకు నలభై. నలుగురు ఆడితే, చావులు పుట్టుకలు కలుపుకుని, ఎండ చల్లబడేదాకా సరిపోతుంది. మన వేసవి మధ్యాహ్నానికి కొలతపెట్టి కుట్టినట్టు ఉంటుంది.

అయితే గవ్వ నాణెం కాదు. దాని వీపు గుండ్రంగా ఉంటుంది, పొట్ట చదునుగా ఉంటుంది, రెండు పక్కలా సమానంగా పడాలని లేదు. మా అమ్మమ్మ గవ్వల్లో ఒకటి ఎప్పుడూ బోర్లాపడేది. దానికి "పడుకునేది" అని పేరు. ఆ గవ్వలు ఎవరో రామేశ్వరం యాత్ర నుంచి తెచ్చినవి. ఒకప్పుడు మాల్దీవుల నుంచి ఓడల్లో గవ్వలు వచ్చేవి, బెంగాలు బజార్లలో డబ్బుగా చెల్లేవి. మా ఇంట్లో మాత్రం పోపుల డబ్బా వెనక ఒక బొట్టుపెట్టెలో ఉండేవి. గవ్వలు లేని ఇళ్ళల్లో చింతపిక్కలను ఒక పక్క రాతి మీద అరగదీస్తారు. నల్ల పక్క, తెల్ల పక్క తేలతాయి, పని జరిగిపోతుంది.

ఈ సగం అదృష్టం, సగం ఉపాయం అనే కలగలుపులోనే అసలు కిటుకు ఉంది. వైకుంఠపాళి తీసుకోండి. అందులో మన తెలివికి పనే లేదు, నిచ్చెన ఎక్కడమూ పాము మింగడమూ అంతా పందెమే. శివరాత్రి జాగారానికి బాగుంటుంది, నిద్రమత్తులో కూడా ఆడొచ్చు. పులి-మేక దానికి పూర్తిగా ఎదురు. 3 పులులు, 15 మేకలు, గవ్వల్లేవు, అదృష్టం లేదు. పులి మేక మీంచి దూకి తింటుంది. మేకలు దూకలేవు, కాబట్టి గుంపుగా జరిగి పులుల్ని కదలకుండా కట్టెయ్యాలి. హంపీ వెళితే మండపాల బండల మీద ఇలాంటి ఆటల గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. పని లేని పూట ఎవరెవరు అక్కడ చతికిలబడ్డారో మరి.

మా తాత పులి-మేకలో ఎవరికీ లొంగేవాడు కాదు. అరుగు బండ మీద బొగ్గుతో గీసి, మనవల్ని పిలిచి, వరసగా ఓడించేవాడు. చిన్నపిల్లలని జాలి చూపించడం ఆయనకు తెలియదు. "తాతా, ఈసారికి ఒక్క మేకను వదిలెయ్" అని ఏడిస్తే, "పులి వదులుతుందా?" అనేవాడు. మా బాబాయి కొడుకు ఆరో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం ఆయన మూడు పులుల్నీ మూలల్లోకి నెట్టి కట్టేశాడు. మేమంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. తాత చాలాసేపు చూసి, ఏ పులీ కదలదని తేలాక, లేచి కండువా దులుపుకుని, "ఇవాళ పొద్దుట్నుంచి తలనొప్పిగా ఉంది" అన్నాడు. రచ్చబండ దగ్గర మాత్రం వారం రోజులు అదే చెప్పుకున్నాడట. "మా వాడు నన్ను కట్టేశాడు" అని.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లల్ని సంతోషపెట్టాలని కావాలని ఓడిపోకండి. అయిదేళ్ళ పిల్ల కూడా పట్టేస్తుంది. పట్టేసిన రోజు నుంచి దాని పాత గెలుపులన్నీ చప్పబడిపోతాయి. నిజంగా గెలిచే దారి కావాలంటే అష్టాచెమ్మ ఆడండి. అందులో డెబ్భై ఏళ్ళ నాయనమ్మనూ ఏడేళ్ళ మనవరాలినీ ఒకే గవ్వలు చూస్తాయి. ఎవరూ ఎవరికీ దానం చెయ్యక్కర్లేదు.

ఈ మధ్య వాట్సాప్‌లో ఒకటి తిరుగుతోంది. మన పూర్వీకులు మెదడు చురుకుదనం కోసం, వేళ్ళ వ్యాయామం కోసం ఈ ఆటలు కనిపెట్టారని. నాకు పది గ్రూపుల నుంచి వచ్చింది. మా అమ్మమ్మ మెదడు పెంచుకోవడానికి ఆడలేదండీ. అంట్లు తోమేలోపు కాసేపు కూర్చోవడానికి ఆడింది. కూర్చోవడానికి ఒక సాకు కావాలి, ఊరికే కూర్చుంటే ఎవరో ఒకరు పని చెబుతారు. ఆడవాళ్ళ సరదాకు కూడా ప్రయోజనం చూపించి సర్టిఫికెట్ ఇవ్వాలా?

2020లో లాక్‌డౌన్ అప్పుడు అందరూ ఫోన్లలో లూడో ఆడారు. అమెరికాలో ఉన్న మా అమ్మాయి, హైదరాబాదులో అబ్బాయి, ఇక్కడ నేను. లూడో కూడా పచ్చీసు అనే మన పాత గవ్వల ఆటకు పుట్టిందే. అక్బరు ఫతేపూర్ సిక్రీ కోట ముంగిట్లో పచ్చీసు గడులు రాతిలో పరిపించుకున్నాడంటారు, ఇంగ్లండులో 1896లో దాన్ని కుదించి లూడో అని పేటెంటు తీసుకున్నారు. ఫోన్లో ఆడటం తప్పు అనను. అంత దూరాన ఉన్న పిల్ల మొహం ఓడిపోయినప్పుడు ఎలా ముడుచుకుంటుందో చూశాను, అది చాలు.

కానీ ఫోనే పాచిక వేస్తుంది, ఫోనే లెక్కపెడుతుంది, ఫోనే కాయ జరుపుతుంది. తొండికి చోటేదీ? అయిదు గడులను నాలుగులా లెక్కపెట్టడం, మాటల్లో పెట్టి కాయను మోచేత్తో జరపడం, గవ్వ ఓరగా నిలబడితే "అది వెల్లకిలానే" అని దబాయించడం, ఇవన్నీ ఏమైపోవాలి? మా ఎదురింటి పిన్నిగారు మహా భక్తురాలు, రోజూ విష్ణు సహస్రనామం చదివేది. గవ్వలు చేతిలోకి వస్తే ఆవిడను నమ్మడానికి లేదు. ఆవిడ తొండిని పట్టుకున్న రోజు అష్ట పడినంత సంబరం మాకు.

నేను చెప్పాల్సింది అయిపోయింది. వెనక హాల్లో పిల్లలు ఎనిమిది పటాలు గీసి ఉంచారు. నియమాలు ఇంటింటికీ మారతాయి కాబట్టి ముందే చెబుతున్నాను. వరసగా మూడుసార్లు మళ్ళీ పందెం పడితే మూడూ చెల్లవు. లెక్క ప్రకారం అది 512 సార్లకు ఒకసారి జరగాలి, మా పిన్నిగారికి మాత్రం తరచూ జరిగేది. అత్తాకోడళ్ళు ఒకే పటం దగ్గర కూర్చోవాలి, తప్పించుకోవడానికి వీల్లేదు. చేతులెత్తిన మగవాళ్ళిద్దరూ ముందుకు రండి. గవ్వలు నాలుగు పటాలకే ఉన్నాయి, మిగతావాళ్ళకు చింతపిక్కలు, అరగదీసే ఉంచాం. తొండి తగువులు నా దగ్గరికి తేకండి, నేనూ ఆడుతున్నాను.